ఆఫ్రికాన్స్ నాటకాలు, లైవ్ కామెడీ: భాష సగమే వచ్చినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తకాపు (ప్రిటోరియా)

అందరికీ నమస్కారం. ఇక్కడ దక్షిణాఫ్రికాలో ఆఫీసులో, స్కూలు గేటు దగ్గర వినే ఆఫ్రికాన్స్ (డచ్చి నుంచి పుట్టిన ఇక్కడి భాష) ఒక మోస్తరుగా అర్థమవుతుంది గానీ తిరిగి మాట్లాడాలంటే నోరు తిరగని స్థాయి. ఈ స్థాయిలో నాటకానికి వెళ్తే డబ్బు దండగేనా? నాటకంతో మొదలుపెట్టాలా, స్టాండప్‌తోనా? టికెట్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ వరుసలో కూర్చోవాలి, ఊళ్లలో జరిగే ఆ కళా పండగల సంగతేంటి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "వెళ్లి చూడండి, బాగుంటుంది" అనే జవాబులు మాత్రం వద్దు మహాప్రభో.

వెనకవరుస (జొహానెస్‌బర్గ్)

దండగ కాదు, వరస తప్పితేనే దండగ. అందరూ చేసే పొరపాటు స్టాండప్‌తో మొదలుపెట్టడం. నవ్వించేదే కదా, తేలిగ్గా ఉంటుందనుకుంటారు. పరాయి భాషలో అన్నిటికన్నా ఆఖర్న అర్థమయ్యేది నవ్వే. కమెడియన్ సగం మాట మింగుతాడు, ఊరి పేరో దుకాణం పేరో విసిరి వదిలేస్తాడు, జనం నవ్వే హోరులో తర్వాతి మాట కొట్టుకుపోతుంది. నాటకంలో ఒక వాక్యం జారిపోయినా నటుడి ఒళ్లు, సెట్టు, దుస్తులు కథను మోస్తూనే ఉంటాయి.

నా లెక్కలో వరస ఇది. ముందు పిల్లల నాటకం ఒకటి. సిగ్గుపడక్కర్లేదు, ముప్పావుగంట ఉంటుంది, చిన్న వాక్యాలు, ప్రతి మాటా రెండుసార్లు చెప్తారు. తర్వాత "క్లఖ్", అంటే తలుపులు ధడేల్మనడం, మంచం కింద దాక్కోవడం లాంటి ప్రహసనం. ఆ తర్వాత "కాబరే". పేరు చూసి హడలిపోకండి, మన సినిమాల్లోని క్యాబరే డాన్సుకీ దీనికీ చుట్టరికం లేదు. పియానో, ఒకరిద్దరు గాయకులు, పాటల మధ్య కథా, వ్యంగ్యమూ. ఆఫ్రికాన్స్‌లో ఇది బలమైన ప్రక్రియ. పాటలో పల్లవి తిరిగి వస్తుంది కాబట్టి మొదటిసారి అందనిది రెండోసారి అందుతుంది. ఇవి రెండు మూడు చూశాక గంభీర నాటకం. స్టాండప్ అన్నిటికన్నా చివర.

కేప్_గాలి (కేప్‌టౌన్)

వెనకవరుసగారూ, చివరి మాట దగ్గర మాత్రం ఒప్పుకోను. అది ప్రిటోరియాకి సరిపోతుందేమో గానీ కేప్‌టౌన్‌కి కాదు. ఇక్కడి కామెడీలో ఇంగ్లీషూ ఆఫ్రికాన్సూ పప్పూ అన్నంలా కలిసే ఉంటాయి. మార్క్ లాటరింగ్ షో తీసుకోండి. కథంతా ఇంగ్లీషులో నడిపి, ఆంటీ మెర్ల్ లాంటి పాత్ర నోరు విప్పగానే ఊరి శివారు కేప్ ఫ్లాట్స్ పేటల యాసలోకి దూకుతాడు. సందర్భం అప్పటికే తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ఆ ఆఫ్రికాన్స్ ముక్క ఎక్కడా అడ్డు పడదు. కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి బడి ఏముంది?

ఇంకోటి. ఆఫ్రికాన్స్ అంటే తెల్లవాళ్ల భాష అనే లెక్క తీసేయండి. 2022 జనగణన ప్రకారం దేశంలో 10.6 శాతం మందికి ఇది ఇంటి భాష, వాళ్లలో సగానికి పైగా తెల్లవాళ్లు కారు. వేదిక మీద కనీసం రెండు ఆఫ్రికాన్స్‌లు వినపడతాయి, ఒకటి బడి పుస్తకాలది, ఇంకోటి కేప్ యాస, దాన్ని "కాప్స్" అంటారు. తేడా పట్టడానికి చిట్కా చెప్తాను. "నువ్వు" అనే మాటను పుస్తక భాషలో "యెయ్" అంటారు, కాప్స్‌లో అదే "జెయ్" అవుతుంది. "జెయ్" వినపడిందంటే ఇంగ్లీషు ముక్కలు దండిగా వస్తాయని ధైర్యంగా ఉండొచ్చు. కాకపోతే వేగం కూడా ఎక్కువే.

వెనకవరుస

కేప్‌టౌన్ వరకు ఒప్పుకుంటాను. ప్రిటోరియా, బ్లూమ్‌ఫొంటేన్‌లలో పూర్తి ఆఫ్రికాన్స్ ఏకపాత్ర షో అంటే గంటకు పైగా ఊపిరాడనివ్వరు. అక్కడ మాత్రం నా వరసే.

మైకు_ముందర (ప్రిటోరియా)

స్టాండప్ గురించి. రెండు రకాలున్నాయి, టికెట్ కొనేటప్పుడే చూసుకోవాలి. లైనప్ రాత్రి అంటే ఒక వ్యాఖ్యాత, నలుగురైదుగురు కమెడియన్లు, ఒక్కొక్కరికి పదీ పదిహేను నిమిషాలు. ఎక్కువ ఇంగ్లీషు, మధ్యలో ఆఫ్రికాన్స్. ఒకరిది అర్థం కాకపోతే ఇంకొకరు వస్తారు, నష్టం లేదు. రెండోది ఒక్కరే నడిపే షో. పూర్తి ఆఫ్రికాన్స్ ఎక్కువగా ఈ రెండో రకంలోనే, అదీ క్లబ్బుల్లో కన్నా థియేటర్లలో, పండగల్లో దొరుకుతుంది. ప్రిటోరియాలో లిన్‌వుడ్ బ్రిడ్జ్‌లోని అటర్‌బరీ థియేటర్ ఇలాంటి వాటికి పేరున్నది. హాలు మరీ పెద్దది కాదు, కాబట్టి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది.

పేర్లు కావాలంటే, షాల్క్ బెజైడెన్‌హౌట్ రెండు భాషల్లోనూ చేస్తాడు. ఇంగ్లీషు షో రికార్డింగ్ ఒకటి ముందు చూసి, తర్వాత ఆఫ్రికాన్స్ షోకి వెళ్తే మనిషి ధోరణి అప్పటికే పట్టుబడి ఉంటుంది. కాస్పర్ డె ఫ్రీస్ పాత కాపు, స్టాండప్‌ని ఆఫ్రికాన్స్‌లో నిలబెట్టినవాళ్లలో ఒకడు. మారియన్ హోల్మ్ ముఖమే సగం కథ చెప్తుంది, భాష తక్కువ వచ్చినవాళ్లకి వరం. షిమ్మీ ఐజక్స్‌ది గ్రామీణ కేప్ యాస, అలవాటు పడ్డాక వెళ్లండి. నతానియెల్‌ని కామెడీ అనాలో కచేరీ అనాలో చెప్పడం కష్టం. కథలు, పాటలు, కళ్లు చెదిరే దుస్తులు. ఆ కథల్లో వాక్యాలు పొడుగు, కాబట్టి తొందరపడొద్దు.

ముందు వరుస సంగతి. ఖాళీగా ఉందని కూర్చోకండి. కమెడియన్ మొదటి అయిదు నిమిషాల్లో వెతికేది కొత్త ముఖాన్నే. ఆఫ్రికాన్స్ షోలో భారతీయ ముఖం కనిపిస్తే వదలడు. అలా దొరికిపోతే చిన్న జవాబు ఇవ్వండి, ఇంగ్లీషులో చెప్పినా సరే. "హైదరాబాద్, అకౌంట్స్" అంతే. సాగదీసినా, ఎదురు జోకు వేసినా షో లయ పోతుంది, జనం మీ మీదే విసుక్కుంటారు. మూడో వరుస నుంచి ఏడో వరుస మధ్య మంచి చోటు. పెదాల కదలిక కనపడుతుంది, భాష సగం వచ్చినవాడికి పెదాలే సగం చెవి.

ఫోన్‌లో రికార్డు చేయడం అసలు వద్దు. ఆ జోకులతోనే ఆయన ఏడాదంతా ఊళ్లు తిరగాలి.

కొత్తకాపు

బాగుంది. అయితే ఒక అనుమానం. విడిగా పదాలన్నీ తెలిసినట్టే ఉంటాయి, మొత్తం వాక్యం మాత్రం అందదు. ఎందుకిలా?

వ్యాకరణ_పిచ్చి (స్టెలెన్‌బోష్)

ఇంగ్లీషు చెవితో వింటున్నారు కాబట్టి. తెలుగు చెవితో వినండి.

"ఎక్ హెట్ ఖిస్టర్ అ బుక్ ఖకూప్." వరుసగా అర్థం పెట్టండి: నేను, (హెట్ భూతకాలపు గుర్తు), నిన్న, ఒక పుస్తకం, కొన్నా. ఆ "హెట్" పక్కన పెడితే అచ్చం మన వరసే, క్రియ చివర్న. ఇంగ్లీషు అలవాటుతో రెండో పదం దగ్గరే క్రియ కోసం వెతికితే అక్కడ దొరకదు, ఆ కంగారులో మిగతా వాక్యం జారిపోతుంది. క్రియ కోసం చివరిదాకా ఆగడం మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్యే. మామూలు వర్తమాన వాక్యంలో క్రియ ముందే వస్తుంది. భూతకాలంలోనూ, "ఎందుకంటే", "ఎప్పుడైతే" లాంటి మాటలతో మొదలయ్యే భాగాల్లోనూ చివరికి పోతుంది.

మంచి కమెడియన్ దీన్నే వాడుకుంటాడు. "మా నాన్న, మామయ్య కొత్త బండిని, పెళ్లి రోజు పొద్దున్న, పాస్టర్ చూస్తుండగా..." అని అన్నీ పేర్చి, క్రియ దగ్గర ఆగి, జనం వైపు చూసి, అప్పుడు వదులుతాడు. ఆ ఆగడం దగ్గరే చెవి నిక్కించాలి.

రెండోది "నీ". కాదు అనే మాట. చాలా వాక్యాల్లో రెండుసార్లు వస్తుంది: "ఎక్ ఇస్ నీ ముఖ్ నీ", నేను అలిసిపోలేదు అని. చివరి "నీ" కొత్త అర్థమేమీ తేదు, వాక్యం మూసే తలుపు గడియ లాంటిది. దాన్ని ఇంకో కాదనడంగా లెక్కేసి అర్థం తిరగేసుకునేవాళ్లున్నారు.

మూడోది చిన్నతనపు ప్రత్యయాలు: "కీ", "పీ", "ఈ" లాంటివి మాట చివర తగిలిస్తారు. "ప్రొబ్లీమ్" సమస్య, "ప్రొబ్లీమ్‌పీ" చిట్టి సమస్య. ఇల్లు తగలబడుతున్నప్పుడు పాత్ర "ప్రొబ్లీమ్‌పీ" అందంటే హాలు గొల్లుమంటుంది. అది మీకు అందకపోతే జోకు పోయిందన్నమాటే.

పెద్దవాళ్లని పిలవడం మనకి మరీ దగ్గర. "ఊమ్" అంటే బాబాయ్, మామయ్య. "టానీ" అంటే పిన్ని, అత్తయ్య. రక్త సంబంధం ఉండక్కర్లేదు. పెద్దవాళ్లతో "నువ్వు" అనలేక ఆ పిలుపునే మళ్లీ మళ్లీ వాడతారు: "టానీ సంచి టానీకి అందించనా?" అన్నట్టు. నాటకంలో ఒక కుర్రాడు పెద్దాయన్ని "ఊమ్" అనడం మానేసి "యెయ్" అన్నాడంటే తగాదా మొదలైందని గుర్తు. సర్‌టైటిళ్లలో (వేదిక పైన తెర మీద పడే ఇంగ్లీషు అనువాదంలో) ఇది ఎప్పటికీ కనపడదు, ఇంగ్లీషులో రెండూ "యూ"నే కదా.

చెవి తర్ఫీదుకి: ఆర్‌ఎస్‌జీ అనే ఆఫ్రికాన్స్ రేడియో, ఎఫ్‌ఎం 100 నుంచి 104 మధ్య. వాళ్లు రేడియో నాటకాలు వేస్తారు, "హూర్‌స్పెల్" అంటారు. ఆకాశవాణి నాటకాలు విని పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, కంటికి ఆసరా లేనప్పుడు చెవి ఎంత పదునెక్కుతుందో.

డర్బన్_కారం (డర్బన్)

డర్బన్ నుంచి ఎవరైనా చదువుతుంటే ముందే చెప్తున్నా. ఇక్కడ ఆఫ్రికాన్స్ నాటకం కోసం వెతకడం ఎండమావిలో నీళ్లు తోడుకోవడమే. ఊరంతా ఇంగ్లీషు, జులూ. 1860 తర్వాత వచ్చిన మన తెలుగు కుటుంబాల తర్వాతి తరాలు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్న సమాజమే, బళ్లో రెండో భాషగా ఆఫ్రికాన్స్ చదివినవాళ్లు చాలామంది. చదవగలరు, వినడం అలవాటు తప్పింది అంతే. అలాంటివాళ్లకి పుస్తక భాషలో ఉండే నాటకాలు స్టాండప్ కన్నా తేలికవుతాయి. ఎలాగూ ప్రయాణం చేయాలి కాబట్టి ఒక్క షో కోసం కాకుండా పండగ చూసుకుని వెళ్లండి.

ఉష్ట్రపక్షి (జార్జ్)

పండగల సంగతి నేను రాస్తాను. ఆఫ్రికాన్స్‌లో "కున్స్‌టఫీస్" అంటే కళా పండగ. ఆ "ఫీస్" చూసి ఫీజు అనుకోకండి, దానికి వేరే కట్టాలి.

అన్నిటికన్నా పెద్దది ఔట్స్‌హూర్న్‌లో, క్లేన్ కారూ (ఆ పొడినేల ప్రాంతం పేరు) పండగ, 1995 నుంచి జరుగుతోంది. జనం పొడి అక్షరాల్లో "కా-కా-ఎన్-కా" అంటారు. మార్చి–ఏప్రిల్ మధ్య వస్తుంది. పోచెఫ్‌స్ట్రూమ్‌లో ఆర్ట్‌క్లోప్ 1998లో మొదలైంది, సెప్టెంబర్–అక్టోబర్ వైపు ఉంటుంది, జొహానెస్‌బర్గ్ నుంచి సుమారు 120 కి.మీ. స్టెలెన్‌బోష్‌లో వూర్ట్‌ఫీస్ ఒకప్పుడు మార్చిలో ఉండేది, ఇప్పుడు అక్టోబర్‌కి మారింది. పాత బ్లాగులు చూసి మార్చికి సెలవు పెట్టుకోకండి. కేప్‌టౌన్ ఆర్ట్‌స్కేప్ థియేటర్‌లో సేడ్‌ఊస్టర్‌ఫీస్ ఏప్రిల్ చివర, మే ఒకటి చుట్టూ. ఊరిమీద విరుచుకుపడే ఆగ్నేయపు గాలి పేరే దానికి పెట్టారు. ఎంబొంబేలాలో ఇన్నిబోస్ చలికాలంలో, అందులో నాటకం కన్నా సంగీతం పాలు ఎక్కువ.

ఇక ఔట్స్‌హూర్న్ లెక్కలు. దగ్గరి విమానాశ్రయం జార్జ్, అక్కణ్ణుంచి ఔటెనిక్వా కనుమ మీదుగా దాదాపు 60 కి.మీ. కనుమలో మంచు కమ్ముకుంటుంది, కాబట్టి షో టైముకి గంట ముందే ఊళ్లో ఉండేలా చూసుకోండి. కేప్‌టౌన్ నుంచి కారులో 420 కి.మీ. పైనే. బస మొదట అయిపోతుంది, టికెట్లు తర్వాత. ప్రోగ్రామ్ వచ్చాక గది వెతికితే ఊరి బయట ఎక్కడో దొరుకుతుంది. ముందు గది, తర్వాత నాటకాలు, అదే పద్ధతి.

వేదికల్లో చాలావరకు బడి హాళ్లు, చర్చి హాళ్లు. నేల చదునుగా ఉంటుంది, వెనక వరుసలు ఎత్తుగా ఉండవు. నటుడు నేల మీద కూర్చున్నాడంటే ఎనిమిదో వరుస తర్వాత ఉన్నవాళ్లకి ముందువాడి తలకాయే దృశ్యం. పైగా చాలా చోట్ల సీటు నంబర్లుండవు, ముందొచ్చినవాడిదే సీటు. ఇరవై నిమిషాలు ముందే వరసలో నిలబడాలి. కూలర్లు, ఫ్యాన్ల రొద పక్కలకి ఎక్కువ, మధ్యలో కూర్చోండి.

రోజుకి మూడు, అంతకు మించి వద్దు. కష్టమైన నాటకం పొద్దున పది, పదకొండు మధ్య, చెవి తాజాగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం కాబరే. రాత్రి నవ్వులాట. పరాయి భాష విని విని సాయంత్రానికి బుర్ర వేడెక్కుతుంది, అప్పుడు గంభీర నాటకం పెట్టుకుంటే కళ్లు మూతలు పడతాయి. ఒకటి అయ్యాక ఇంకోటి మొదలవడానికి మధ్య 45 నిమిషాలు తగ్గకూడదు: ఆలస్యంగా ముగియడానికి పది, నడకకి పదిహేను, వరసకి ఇరవై. ఊరికి అటు చివర ఉన్న హాలైతే గంట.

వెనకవరుస

ఉష్ట్రపక్షిగారు చెప్పిన వాటికి వెనకున్న కారణం కూడా తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. 1960ల నుంచి ప్రభుత్వం నడిపిన రాష్ట్ర స్థాయి కళామండళ్లు ఉండేవి, నటులకి నెల జీతాలు, పెద్ద సెట్లు, ఇరవై మంది తారాగణం. ఆ వైభవం ఎవరికోసమో కూడా చెప్పుకోవాలి. ఇప్పటి ఆర్ట్‌స్కేప్ 1971లో నికో మలాన్ పేరుతో తెరిచినప్పుడు తెల్లవాళ్లకే ప్రవేశం, 1975లో గానీ అందరికీ తలుపు తీయలేదు. ఆడమ్ స్మాల్ కాప్స్ యాసలో గొప్ప నాటకాన్ని 1965లోనే అచ్చు వేయించాడు. ఏ మనుషుల గురించి రాశాడో ఆ మనుషులకే అలాంటి హాళ్లలో చోటు లేని కాలం అది.

1990ల చివరికి ఆ మండళ్లు సొంత నాటకాలు ఆపేసి హాళ్లు అద్దెకిచ్చే సంస్థలుగా మారాయి. నటులు రోడ్డున పడ్డారు, పండగలు ఆదుకున్నాయి. పండగలో నిర్మాత సంపాదన టికెట్ల మీద. ప్రయాణం, బస ఖర్చు తలకి ఇంత. అందుకే ఒకరి నుంచి నలుగురు నటులు, ఒక బల్ల, రెండు కుర్చీలు, 60–75 నిమిషాలు, విరామం ఉండదు. కారు డిక్కీలో పట్టే నాటకమన్నమాట. ఇది పేదరికంలోంచి పుట్టినా నటనకి మేలే చేసింది. సాండ్రా ప్రిన్స్‌లూ, అంటోయ్‌నెట్ కెల్లర్‌మన్ లాంటివాళ్లు ఒంటరిగా వేదిక మోయడం చూడాలంటే ఇలాంటి చిన్న హాళ్లే సరైన చోటు.

భాష సగం వచ్చినవాళ్లు మాత్రం ఒంటరి నాటకంతో మొదలుపెట్టకండి. గంటసేపు ఒకే గొంతు, ఎదుటి పాత్ర ప్రతిస్పందన ఉండదు, తప్పిపోతే దారి చూపేవాళ్లుండరు. ఇద్దరు, ముగ్గురు ఉన్నది ఎంచుకోండి.

కొత్తకాపు

ప్రోగ్రామ్ పుస్తకంలో పేరు కింద ఏవో అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవేంటి?

టికెట్టు_ముక్క (కేప్‌టౌన్)

ఒక నమూనా తీసుకుందాం: "75 మిన్. 16 టీ, జీ. ఖీన్ పౌసె. ఎంగెల్సె బోస్క్రిఫ్టె."

డెబ్బై అయిదు నిమిషాలు. పదహారేళ్లు నిండినవాళ్లకే. "టీ" అంటే "టాల్", భాష, అంటే బూతులున్నాయని. "జీ" అంటే "ఖెవెల్ట్", హింస. ఇక్కడే పిల్లలున్నవాళ్లు బోల్తా పడతారు, "జీ" అంటే జనరల్, అందరూ చూడొచ్చని అనుకుని. ఇంగ్లీషు ప్రోగ్రామ్‌లో బూతులకి "ఎల్", హింసకి "వీ". "ఖీన్ పౌసె" అంటే విరామం లేదు, టాయిలెట్ పని ముందే చూసుకోండి. చివరిది ఇంగ్లీషు సర్‌టైటిళ్లు. ఇంకో వాక్యం కూడా కనిపిస్తుంది, "లాట్‌కోమర్స్" అని మొదలవుతుంది, ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి పంపరని. అది ఊరికే రాసేది కాదు. చిన్న హాల్లో తలుపు తెరిస్తే వెలుతురు నేరుగా వేదిక మీద పడుతుంది, కాబట్టి నిజంగానే మూసేస్తారు, డబ్బు తిరిగి రాదు.

టికెట్లు: క్వికెట్, వెబ్‌టికెట్స్, కంప్యూటికెట్, షోని బట్టి ఒకటి. బాక్స్‌టర్ థియేటర్‌కి వెబ్‌టికెట్స్. పండగలకి వాళ్ల వాళ్ల సొంత సైట్ నుంచే వెళ్లండి, ఏ అమ్మకందారు దగ్గరికి పంపాలో అదే పంపుతుంది. "ఎయిట్‌ఫర్‌కూప్" అని ఉంటే అమ్ముడైపోయినట్టు. అయినా షో రోజు పొద్దున ఒకసారి చూడండి, అతిథుల కోసం ఆపిన సీట్లు వదిలేస్తుంటారు.

సర్‌టైటిళ్లున్న నాటకానికి పైన చెప్పిన మూడు–ఏడు వరుసల సూత్రం పనికిరాదు. తెర వేదిక పైన ఉంటుంది, ముందు కూర్చుంటే మెడ నొప్పి, నటుడూ అక్షరాలూ ఒకే చూపులో పట్టవు. హాలు మధ్య నుంచి వెనక్కి తీసుకోండి.

మైకు_ముందర

సర్‌టైటిళ్ల మీద నాకో ఫిర్యాదు ఉంది. హాస్య నాటకంలో అవి నవ్వుని చంపేస్తాయి. అక్షరాలు ముందే పడితే చదివినవాళ్లు నటుడి కన్నా ముందే నవ్వుతారు. ఆ నవ్వులో అసలు మాట మునిగిపోయి, ఆఫ్రికాన్స్ వచ్చినవాళ్లకి ఏమీ వినపడదు.

టికెట్టు_ముక్క

అది స్లైడ్లు తయారుచేసినవాళ్ల తప్పు, సర్‌టైటిళ్లది కాదు. మెలిక ఉన్న మాటని విడి స్లైడుగా పెట్టి, నటుడు నోరు విప్పాక గానీ వదలకూడదు. ఒక స్లైడుకి రెండు లైన్లు మించకూడదు. ఆపరేటర్ కనీసం రెండు రిహార్సళ్లు కూర్చోవాలి. నటుడు అప్పటికప్పుడు కల్పించి మాట్లాడితే స్లైడు ఖాళీగా ఉంచడం మేలు. తప్పు స్లైడు కన్నా నల్ల తెర నయం. చూసేవాళ్లకి నా సలహా: మొదటి పది నిమిషాలు చదవండి, ఎవరు ఎవరో తెలిశాక చూపు వేదిక మీదికి దించి, తప్పిపోయినప్పుడే పైకి చూడండి.

కేప్_గాలి

రాజకీయ వ్యంగ్యం గురించి ఎవరూ రాయలేదేంటి? పీటర్-డిర్క్ ఎయ్స్ సృష్టించిన టానీ ఎవిటా బెజైడెన్‌హౌట్ అనే పాత్ర లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. మగాడు ఆడవేషం కట్టి, అపార్థైడ్ (వర్ణవివక్ష పాలన) కాలపు పెద్దింటి ఇల్లాలిగా మాట్లాడుతూ ఆ పాలకుల్నే ఏకిపారేయడం. సెన్సారు గుప్పెట్లో ఉన్న రోజుల్లో, 1980ల్లో మొదలైన వేదిక వేషం. కేప్‌టౌన్‌కి 75 కి.మీ. దూరంలో డార్లింగ్ అనే ఊళ్లో పాత రైల్వే స్టేషన్‌ని థియేటర్ చేసి "ఎవిటా సె పెర్రోన్" అని పేరు పెట్టాడు. "సె" అంటే "యొక్క", "పెర్రోన్" అంటే ప్లాట్‌ఫారం. అర్జెంటీనా ఎవిటా పెరోన్ పేరుతో ఆడిన శ్లేష అది. పెరట్లో ఉన్న బొమ్మల తోట పేరు "బూరాసిక్ పార్క్", "బూర్" అంటే రైతు, ఆఫ్రికానర్ (ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవాడు). ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడతాడు, ఆఫ్రికాన్స్ మాటలు పోపులా పడతాయి. వెళ్లే ముందు ఆ వారాంతంలో షో ఉందో లేదో చూసుకోండి.

ఎవిటా జోకులు అందాలంటే రెండు మూడు పేర్లు ముందే తెలియాలి: అపార్థైడ్ చివరి రోజుల అధ్యక్షులు పీ.డబ్ల్యూ. బోథా, డె క్లెర్క్, అన్ని జాతులవాళ్లూ ఓటేసిన 1994 ఎన్నికలు. ఆ మాత్రం చదువుకుని వెళ్లండి.

డర్బన్_కారం

జోకుల్లో కులగోత్రాల సంగతి కూడా చెప్పాలి. వాన్ డెర్ మెర్వె జోకులని ఒక రకం ఉంది, పరమానందయ్య శిష్యుడు రగ్బీ జెర్సీ వేసుకున్నట్టు. వాటికి ఎవరూ నొచ్చుకోరు, ఆఫ్రికానర్లే చెప్పుకుంటారు. "ఖటీప్", "మెరాయ్" పేర్లతో చెప్పే జోకులు అలా కాదు, కేప్ కలర్డ్ (మిశ్రమ సంతతి) మనుషుల్ని తాగుబోతులుగా, మొద్దులుగా చూపించేవి. విన్నది ఆఫీసులో తిరిగి చెప్పకండి. వేదిక మీద కాప్స్ కమెడియన్ తన వాళ్ల మీద తను వేసుకునే జోకు కూడా ఇంకొకరి నోట్లో అవమానమే అవుతుంది. నల్లవాళ్లని తిట్టే ఆ కె-పదం సంగతి చెప్పక్కర్లేదు, అది కోర్టు దాకా పోయే వ్యవహారం.

మన మీద వేసేవి ఎక్కువగా డర్బన్ భారతీయుల యాస, కూర, బన్నీ చౌ (తొలిచిన రొట్టెలో కూర నింపినది). నిన్న హైదరాబాద్ నుంచి వచ్చిన మనకి అవి తగలకపోవడం సహజం, ఆ జోకు మనది కాదు, నూటఅరవై ఏళ్ల వాళ్ల చరిత్రది.

పాకం (పార్ల్)

తిండి లేని పండగ ఏంటి. శాకాహారులకి: "రూస్టర్‌కూక్" అంటే నిప్పుల మీద జాలీలో కాల్చిన రొట్టె, జున్ను, జామ్ పెట్టి తీసుకోండి. కొన్ని కొట్లలో బిల్టాంగ్ (ఎండు మాంసం) పొడి చల్లేస్తారు, ముందే "సోండర్ ఫ్లేస్", మాంసం లేకుండా అని చెప్పండి. "పన్నెకూక్" దోసెలా పలుచగా ఉంటుంది, దాల్చిన చెక్క పంచదార చల్లి చుడతారు, అందులో గుడ్డు ఉంటుంది. "కుక్‌సిస్టర్" జడలా అల్లి వేయించి చల్లటి పాకంలో ముంచినది, కరకరలాడుతుంది. కేప్ మలే వాళ్ల (కేప్‌లోని ముస్లిం సమాజం) "కూసిస్టర్" వేరు, మసాలా పిండి, మెత్తన, పైన కొబ్బరి. రెండిటినీ ఒకటే అన్నారంటే నాటకం బయటే ఇంకో నాటకం చూస్తారు.

నాటకాల_రాయుడు (హైదరాబాద్)

దూరం నుంచి ఒక ప్రశ్న. వీటిలో ఒకటి తెలుగు చేసి ఇక్కడ పరిషత్తు పోటీల్లో వేయాలంటే అనుమతి ఎవరినడగాలి?

టికెట్టు_ముక్క

చాలా నాటకాల హక్కులు డాల్రో అనే సంస్థ చూస్తుంది, కేంద్రం జొహానెస్‌బర్గ్. అనువాదానికి ఒకటి, ప్రదర్శనకి ఒకటి, రెండు అనుమతులు విడివిడిగా అడగండి. ఎన్ని ప్రదర్శనలు, ఎన్ని సీట్లు, టికెట్టా ఉచితమా, ఇవి ముందే రాసి పంపితే జవాబు త్వరగా వస్తుంది. పోటీ కోసం నిడివి తగ్గిస్తే అదీ చెప్పాలి.

పాతవి కావాలంటే కాలపరిమితి చూసుకోండి. దక్షిణాఫ్రికాలో రచయిత పోయాక 50 ఏళ్లు, భారతదేశంలో 60. ఆఫ్రికాన్స్ రచయిత లైపోల్ట్ 1947లో పోయాడు కాబట్టి ఆయన నాటకాలు రెండు చోట్లా స్వేచ్ఛే. ఇంకో రచయిత ఎన్.పీ. ఫన్ వేక్ లో 1970లో పోయాడు, అంటే ఇక్కడ స్వేచ్ఛే గానీ హైదరాబాద్ సంగతి అడిగి తేల్చుకోండి.

కొత్తకాపు

అందరికీ వేనవేల ధన్యవాదాలు. ఔట్స్‌హూర్న్‌కి శనివారం లెక్క వేశాను, సరిచూడండి: 10:00 ముగ్గురు నటుల నాటకం, 75 నిమిషాలు, సర్‌టైటిళ్లు లేవు. 12:30 కాబరే, 60 నిమిషాలు. 14:00 ఒంటరి నాటకం, 70 నిమిషాలు, ఊరి అటు చివర బడి హాలు. 20:00 స్టాండప్, పూర్తి ఆఫ్రికాన్స్.

ఉష్ట్రపక్షి

మొదటి రెండూ బాగున్నాయి. మూడోది తీసేయండి. కాబరే 13:30కి అయినా బయటపడేసరికి 13:40, మిగిలిన ఇరవై నిమిషాల్లో ఊరి అటు చివరికి వెళ్లి వరసలో నిలబడలేరు, తలుపు మూసేస్తారు. పైగా ఒంటరి నాటకం, తిన్న వెంటనే, మూడు గంటల ఎండ. నిద్ర గ్యారంటీ. దాన్ని ఆదివారం పొద్దుటికి మార్చి, ఆ ఖాళీలో పాకంగారు చెప్పిన రొట్టె తిని గంట పడుకోండి.

స్టాండప్‌కి నాలుగో వరుస, మధ్య నుంచి కొంచెం పక్కకి. జాకెట్ తీసుకెళ్లండి, కారూలో పగలు ఎంత కాల్చినా తొమ్మిది దాటేసరికి చలి దిగుతుంది. కారు పార్కు చేసిన చోటు ఫోటో తీసి పెట్టుకోండి, ఆ వారం ఊళ్లో వీధులన్నీ ఒకేలా ఉంటాయి.